శిక్షణ అయ్యాక ఎవరి మాట చెల్లుతుంది?

రామచంద్రపురంలో ఏడాది పొడవునా ఏదో ఒక శిక్షణ నడుస్తూనే ఉంటుంది. ఓ వారం డ్వాక్రా సంఘాల లీడర్లకు, ఇంకో వారం సచివాలయ సిబ్బందికి, బడులు తెరిచే ముందు టీచర్లకు, సార్వా మొదలయ్యే ముందు వ్యవసాయ సిబ్బందికి. ఎక్కడ చూసినా వరస ఒకటే. సంతకం, సంచిలో ఫైలూ పెన్నూ, ప్రొజెక్టరు, పదకొండున్నరకు టీ బిస్కెట్టు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం గ్రూప్ ఫోటో. ఈమధ్య దీనికి ఓ కొత్త హంగు చేరింది. పేరు సృజనాత్మక శిక్షణ. ఉపన్యాసం బదులు ఆట ఉంటుంది, నోట్సు బదులు బొమ్మ. కాగితపు కప్పులతో గోపురం కట్టిస్తారు, కళ్లకు గంతలు కట్టి నడిపిస్తారు, చివర్లో ఒక స్కిట్ వేయిస్తారు. నిద్ర తగ్గింది, నవ్వులు పెరిగాయి. అందులో తప్పేమీ లేదు. నిద్రపుచ్చే శిక్షణ కన్నా నవ్వించే శిక్షణ ఎప్పుడూ నయమే.

అయితే గోపురం కట్టినవాడు సోమవారం తన కుర్చీలో కూర్చున్నాక ఏం మార్చగలిగాడు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. నిజానికి అమెరికా వాళ్లే ఈ ప్రశ్న పట్టుకుని ఇక్కడికి వచ్చారు. రామచంద్రపురానికి ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడకు.

హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్‌కు ఒక పట్టుదల ఉండేది. ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతోనే రానక్కర్లేదని, పెద్దవాళ్లకు కూడా దాన్ని నేర్పవచ్చని ఆయన నమ్మకం. దాన్ని పరీక్షించడానికి 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నారు. యాభై మంది దాకా వ్యాపారులు బ్యాచ్‌లుగా హైదరాబాద్ వెళ్లి చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో కూర్చున్నారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ పేరుతో ఉన్నది ఆ సంస్థే. తమిళనాడులోని వేలూరు వ్యాపారులకు కూడా అలాంటి శిక్షణే ఇచ్చారు. పోల్చి చూడటానికి శిక్షణ లేకుండా వదిలేసిన ఊరు రాజమండ్రి. కాకినాడకు పాఠం చెప్పి తమను కొలబద్దగా మాత్రమే వాడుకున్నారని తెలిస్తే రాజమండ్రి వాళ్లు ఇప్పటికీ నొచ్చుకుంటారేమో.

అక్కడ వ్యాపార సూత్రాలు, పద్దులు, పన్నులు చెప్పారనుకుంటే పొరపాటు. చేయించింది కథలు రాయించడం. ఒక బొమ్మ చూపిస్తారు. బల్ల ముందు ఆలోచిస్తూ కూర్చున్న మనిషి లాంటిదేదో. ఎవరతను, ఏమనుకుంటున్నాడు, తర్వాత ఏం జరుగుతుంది? కొద్ది నిమిషాల్లో కథ రాయాలి. ఆ తర్వాత తమ కథకు తామే మార్కులు వేసుకోవడం నేర్పిస్తారు. నా కథలోని మనిషి ఏదైనా లక్ష్యం పెట్టుకున్నాడా, దానికి అడ్డేమిటో చూశాడా, ఎవరి సాయం అడిగాడు, లేక అదృష్టం కోసం చేతులు కట్టుకుని కూర్చున్నాడా? మళ్లీ రాయాలి. ధాన్యం, బట్టలు, ఇనుప సామాను అమ్మే మనుషులు తమ ఊహలు ఎటు పోతున్నాయో కాగితం మీద చూసుకున్నారు.

ఇంకో ఆట రింగులు విసరడం. నేలలో ఒక మేకు, చేతిలో రింగులు. ఎంత దూరంలో నిలబడాలో ఎవరిష్టం వాళ్లది. ఒకరు మేకు పక్కనే నిలబడి అన్నీ వేసేస్తారు, ఇంకొకరు గది చివరికి పోయి గాల్లోకి విసురుతారు. తగిలే అవకాశమూ తప్పే అవకాశమూ ఉన్న చోటు చూసుకుని నిలబడి, ఒక్కో విసురుకూ దూరం సవరించుకునేవాడే మెక్లెలాండ్ వెతికిన మనిషి. అప్పు ఇవ్వడంలో, సరుకు కొనడంలో తామెక్కడ నిలబడుతున్నారో వ్యాపారులకు వేరే చెప్పక్కర్లేకపోయింది. చివరికి ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్లలో తమ వ్యాపారంలో ఏం చేస్తారో రాసిపెట్టారు.

తర్వాత పరిశోధకులు ఊరికి తిరిగి వచ్చి లెక్క చూశారు. ఈ రోజు మన శిక్షణల్లో ఎవరూ చేయని పని అదే. శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది ఆ రెండేళ్లలో కొత్త వ్యాపారం పెట్టడమో, ఉన్నదాన్ని గట్టిగా విస్తరించడమో చేశారు. శిక్షణ లేనివారిలో అలా చేసింది పావు వంతు. ఆచారాలు, కులపు కట్టుబాట్లు, పూజలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. హిందూ సంప్రదాయమే వ్యాపార చొరవకు అడ్డమని ఆ రోజుల్లో గట్టిగా వినిపించిన వాదన కాకినాడ బజారులో నిలవలేదు.

మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ ప్రయోగం మీద పుస్తకం తెచ్చారు. అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన సంగతి ఆ సగం, పావు లెక్క కాదు. మార్పు గట్టిగా కనిపించింది వ్యాపారంలో నిర్ణయం తామే తీసుకోగల వారిలోనని వాళ్లు తేల్చారు. అన్నగారి మాట మీదో, నాన్నగారి మాట మీదో నడిచేవాళ్లు కూడా అవే కథలు రాశారు, అవే రింగులు విసిరారు. ఇంటికొచ్చాక గల్లా తాళం చేతిలో లేదు. తపన పుట్టినా దాన్ని పెట్టడానికి చోటు దొరకలేదు. సృజనాత్మక శిక్షణ గురించి ఆ తర్వాత వచ్చిన సాహిత్యంలో సగం ఈ ఒక్క సంగతిని మళ్లీ మళ్లీ కనుక్కోవడమే అని నా అభిప్రాయం.

ఆ ప్రయోగానికి హద్దులూ ఉన్నాయి. అందరూ మగవాళ్లే, అందరూ యజమానులో వాళ్ల వారసులో. యజమాని చొరవ పెరిగితే కొట్లో పనిచేసే గుమాస్తాకు, హమాలీకి ఏం ఒరిగిందో విడిగా ఎవరూ అడగలేదు. కొత్త ఉద్యోగాలు లెక్కలోకి వచ్చాయి గానీ కూలి రేట్లు రాలేదు. పైగా అవి చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం చేయూతనిస్తున్న రోజులు. గాలి వాటంగా ఉన్నప్పుడు తెడ్డు వేయడం నేర్పారు. అయినా శిక్షణ అయిన రెండేళ్లకు ఊరికి వచ్చి చూశారన్న ఒక్క కారణానికే వాళ్లకు దండం పెట్టవచ్చు.

ఆ హైదరాబాద్ సంస్థలో అప్పట్లో పనిచేసిన ఉదయ్ పారీక్, తెలుగువాడైన టి.వి. రావు కలిసి 1975 ప్రాంతంలో ఎల్ అండ్ టి కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి విభాగం రూపకల్పన చేశారు. దేశంలో అలాంటి విభాగం అదే మొదటిదని చెబుతారు. అంతకు ముందు 1956లోనే హైదరాబాద్ బెల్లా విస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వచ్చింది. ఇంగ్లండులోని హెన్లీ కాలేజీ నమూనా. ప్రభుత్వ అధికారి, ప్రైవేటు మేనేజరు, ప్రభుత్వ రంగ సంస్థ ఇంజనీరు ఒకే బల్ల చుట్టూ చేరి, ఉపన్యాసకుడు లేకుండా, ఒక సమస్యను తామే తవ్వి నివేదిక రాయాలి. దాన్ని సిండికేట్ పద్ధతి అనేవారు. అప్పటికి అదే పెద్ద సృజన. అక్కడ కూర్చున్నవాళ్లు పెద్ద కుర్చీల వాళ్లు కాబట్టి తిరిగి వెళ్లి ఏదో ఒకటి మార్చగలిగారు. కింది కుర్చీల మాటేమిటి?

దానికి జవాబు మరో రామచంద్రపురంలో ఉంది. హైదరాబాద్ శివార్లలోని రామచంద్రపురం, బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ఉన్న చోటు. 1980లో ఎస్.ఆర్. ఉడుప చొరవతో మన దేశంలో మొదటి క్వాలిటీ సర్కిళ్లు మొదలైంది అక్కడే. 1982లో ఆయనే క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా స్థాపించారు. పద్ధతి జపాన్‌ది, 1962లో కౌరు ఇషికావా వాడుకలోకి తెచ్చింది. ఒకే చోట పనిచేసే ఎనిమిది పది మంది కార్మికులు, ఇష్టపడి వచ్చినవాళ్లు, వారానికో గంట కూర్చుంటారు. సమస్యను ఎంచుకునేది వాళ్లే, కారణాలు వెతికేది వాళ్లే, పరిష్కారం తయారుచేసి పై అధికారుల ముందు నిలబడి చెప్పేది కూడా వాళ్లే. గొంతు విప్పడం, లెక్క చూపించడం, తోటివాడి మాట వినడం అక్కడే అలవడతాయి. నాయకత్వ శిక్షణ అని ఎవరూ బోర్డు కట్టలేదు.

ఆ సర్కిళ్లలో వాడే ఒక బొమ్మను కోనసీమ మనిషికి వివరించనక్కర్లేదు. చేప ముల్లు బొమ్మ. తల దగ్గర సమస్య రాస్తారు, వెన్నుముల్లు నుంచి చీలే ముళ్ల మీద కారణాలు రాస్తారు. దీన్ని మన ఊరి రైసు మిల్లులో పెట్టి చూద్దాం. నూక ఎక్కువ పడుతోందనుకుందాం. సర్కారు ధాన్యం ఆడితే క్వింటాలుకు 67 కిలోల బియ్యం అప్పజెప్పాలి, అందులో నూకకు హద్దు ఉంది. యజమాని మిషను కంపెనీ వాణ్ని పిలుస్తాడు, వాడు కొత్త సార్టెక్స్ మిషను కొనమంటాడు. అదే సమస్యను గోడ మీద చేప తల దగ్గర రాసి పనివాళ్లను పిలిస్తే? మిల్లు ఆపరేటరు రబ్బరు రోళ్లు అరిగాయంటాడు, రోళ్ల మధ్య సందు సరిగా లేదంటాడు. గుమాస్తా తేమ 17 శాతం దాటిన లోడు కూడా మొహమాటానికి దింపుకున్నామని, గట్టిగా అడిగితే, ఒప్పుకుంటాడు. హమాలీ మేస్త్రీ చెప్పేది వీళ్లెవరికీ తట్టదు. ఫలానా లోడు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండకు పగిలిన గింజ, రాత్రి మంచుకు మళ్లీ తడిసింది, బస్తా భుజానికెత్తినప్పుడే తెలిసింది అంటాడు. పైగా స్వర్ణ బస్తాల్లో వేరే రకం కలిసిపోయిందని, గింజ పొడవు తేడా వస్తే రోళ్లు ఏం చేస్తాయని అడుగుతాడు. కొత్త మిషను కన్నా ముందు కల్లాల దగ్గర చేయాల్సిన పని బయట పడుతుంది.

ఈ బొమ్మ గీయడానికి పది నిమిషాలు చాలు. కష్టమైనది వేరే ఉంది. మేస్త్రీ మాట విన్నాక యజమాని మొహమాటపు లోడును వెనక్కి పంపుతాడా? పంపకపోతే రెండో వారం మేస్త్రీ నోరు విప్పడు. దేశంలో చాలా క్వాలిటీ సర్కిళ్లు పోటీలకు, కప్పులకు, గోడ మీది ఫోటోలకు పరిమితమై నీరసించింది ఇలాగే. ఆర్టీసీ డిపోల్లోనూ ఇదే కథ. డీజిల్ ఆదా చేసి లీటరుకు ఎక్కువ కిలోమీటర్లు తెచ్చిన డ్రైవరుకు బహుమతి ఇస్తారు. ఏ మలుపు దగ్గర, ఏ స్పీడ్ బ్రేకరు దగ్గర, ఏ టైమింగు వల్ల డీజిల్ తగలబడుతోందో అతనికి తెలుసు. టైమింగులు వేసే బల్ల దగ్గర అతన్ని కూర్చోబెట్టినప్పుడు కదా ఆ తెలివి పనికొచ్చేది.

అందరినీ ఒక గదిలో పెట్టి తోచిందల్లా చెప్పమనే బ్రెయిన్‌స్టార్మింగ్ గురించి ఒక మాట. అమెరికా ప్రకటనల మనిషి అలెక్స్ ఆస్బర్న్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1958లోనే యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూస్తే, గుంపుగా కూర్చున్నవారి కన్నా విడివిడిగా కూర్చుని ఆలోచించిన అంతమందికే ఎక్కువ ఆలోచనలు తట్టాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు తట్టింది కాస్తా పోతుంది. మన దగ్గరైతే ఇంకోటి కలుస్తుంది. ఆఫీసరు గారు గదిలో ఉంటే మొదటి ఆలోచన ఆయనదే, మిగిలిన తొమ్మిదీ దాన్ని మెచ్చుకోవడమే. చీటీల మీద పేరు లేకుండా రాయించడం మన ఊళ్లకు ఎక్కువ నప్పుతుంది.

ఇక బడి. 1984లో బ్రిటిష్ సాయంతో కొద్ది బడుల్లో మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా పాకిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉద్యోగుల్లో సృజన పెంచాలన్న అతి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి. దానికి ఆరు సూత్రాలు. టీచరు తానే కృత్యాలు తయారుచేసుకోవడం, చేసి నేర్చుకోనివ్వడం, ఒక్కొక్కరితోనూ జట్లతోనూ తరగతి అంతటితోనూ పని, పిల్లల మధ్య తేడాలు గుర్తించడం, చుట్టుపక్కల పరిసరాలనే పాఠంగా వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం. టీచర్లు కలిసి మాట్లాడుకోవడానికి టీచర్స్ సెంటర్లు పెట్టారు. పథకంలో నాకు బాగా నచ్చింది అదే. తమ ఇబ్బందిని తమలాంటి వాళ్లకే చెప్పుకునే చోటు.

ఆ ఆరింటిలో తనిఖీకి వచ్చిన అధికారి కంటికి కనబడేది ఒక్క ఆరోదే. కాబట్టి గోడలు చార్టులతో నిండాయి, తాళ్ల మీద బొమ్మలు వేలాడాయి. మిగతా అయిదింటికీ టీచరు చేతిలో లేనివి కావాలి. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు నడిపే బడిలో జట్టుపనికి వేళెక్కడిది? పాఠ్యపుస్తకం పైనుంచి, పరీక్ష పేపరు పైనుంచి, సిలబస్ గడువు పైనుంచి. సృజన మాత్రం కింది నుంచి రావాలట! తర్వాత వచ్చిన పథకాల పేర్లు మారాయి, ఈ లెక్క పెద్దగా మారలేదు.

సృజన ఊహించని చోట పండిన కథ నెల్లూరు జిల్లాది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్నప్పుడు పాటలు, వీధి నాటకాలతో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. వయోజనుల వాచకంలో సారాకు బలైన కుటుంబం గురించి, ఆడవాళ్లు కలిస్తే ఏం చేయగలరో చెప్పే పాఠాలున్నాయి. రాత్రి బడిలో ఆ పాఠం చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు అది తమ కథేనన్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండోది రెండేళ్లకే సడలిపోయిందనుకోండి, అది వేరే కథ. ఆ ఆడవాళ్లకు ఎవరూ లీడర్‌షిప్ డెవలప్‌మెంట్ కోర్సు పెట్టలేదు. ఒక కథ చదివారు, దాని గురించి గట్టిగా మాట్లాడుకున్నారు, మరునాడు ఏం చేయాలో వాళ్లే తేల్చుకున్నారు. దుకాణం ముందుకు పోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది.

2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) డ్వాక్రా సంఘాల శక్తినే శిక్షణగా మలిచింది. పేదరికం నుంచి బయటపడిన సంఘ సభ్యురాలే ఇంకో ఊరు వెళ్లి, అక్కడే కొన్నాళ్లు మకాం వేసి, అక్కడి ఆడవాళ్లతో సంఘం కట్టిస్తుంది. వీళ్లను కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు (సి.ఆర్.పి.లు) అన్నారు. ప్రొజెక్టరు లేదు. ముగ్గు పిండితో నేల మీద ఊరి పటం గీయించడం, ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఎవరికి పొలముందో, ఎవరు వలస పోయారో గుర్తులు పెట్టించడం, తన అప్పుల కథ తానే చెప్పడం. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక మన ఆడవాళ్లు బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, సరిగా హిందీ రాకుండానే సంఘాలు కట్టించారు. మన నేల నుంచి దేశానికి వెళ్లిన నాయకత్వ శిక్షణ ఇంతకన్నా పెద్దది నాకు కనబడదు. ఇప్పుడు అదే సంఘం లీడరు సమయంలో ఎక్కువ భాగం ఫోన్‌లో యాప్ నింపడానికి, మీటింగులకు జనాన్ని తోలుకెళ్లడానికి పోతోంది. పొదుపు మీద నిర్ణయం ఆమెదే అన్నది రాతలోనే మిగిలిపోయే ప్రమాదముంది.

ఆ సి.ఆర్.పి.ల కథకు తలకిందుల ఉదాహరణ సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురంలో ఉంది. లేసు అల్లేవాళ్ల చేతిలోని సృజనకు వంక పెట్టగలవారెవరు? జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో అచ్చయిన పుస్తకంలో చూపించింది మాత్రం వేరే బొమ్మ. ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె అతుకుపని చేస్తుంది, పూర్తయిన బల్లగుడ్డ ఏ దేశం పోతోందో, ఎంతకు అమ్ముడవుతోందో ఇద్దరికీ తెలియదు. డిజైను, ధర, బేరం అన్నీ షావుకారివి. ఆమెను కార్మికురాలని కూడా అనరు, తీరిక వేళ అల్లుకునే గృహిణి అంటారు. కొబ్బరి పీచు తాడు పేనడం నేర్పే మన కోనసీమ శిక్షణల్లోనూ ఇది చూసుకోవాలి. చేతికి పని నేర్పుతున్నాం సరే. ఏ సరుకు చేయాలి, ఎవరికి అమ్మాలి అన్న పాఠం ఎవరికి చెబుతున్నాం?

శిక్షణే లేని నాయకత్వం కూడా ఈ నేలకు కొత్త కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఎవరికీ ఏ కోర్సూ లేదు. పూడిన మురుగు కాలువలూ గిట్టని ధరలూ కలిపి ఊళ్లకు ఊళ్లను ఒక మాట మీదకు తెచ్చాయి.

ఇక సచివాలయాలు. 2019 అక్టోబరు 2న సచివాలయ వ్యవస్థ మొదలైంది రామచంద్రపురం నుంచి కాకినాడ వెళ్లే దారికి దగ్గర్లోని కరపలోనే. లక్షకు పైగా చదువుకున్న యువత ఒక్కసారిగా ఊళ్లలో ఉద్యోగులయ్యారు. ఇంత మంది కొత్తవాళ్లు దొరికినప్పుడు వాళ్లకు ఇచ్చిన శిక్షణలో నిబంధనలు, యాప్‌లు, లాగిన్‌లే ఎక్కువ. ఇప్పుడు వాళ్లకు సృజన వర్క్‌షాపులు పెడితే కాదనను. ముందు ఒక చిన్న జాబితా తయారు కావాలి. పై అధికారిని అడగకుండా ఈ ఉద్యోగి తన సచివాలయంలో ఏమేం మార్చవచ్చు? అర్జీల వరస, వృద్ధులు వచ్చే వేళ, నోటీసు బోర్డు మీది భాష, కాలువ గండి పడితే మొదట ఎవరికి ఫోన్ చేయాలి అన్నది. ఆ జాబితా ఖాళీగా ఉంటే వర్క్‌షాపు డబ్బు మిగుల్చుకోవచ్చు.

శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లలో కొలవాలని డోనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో రాశాడు. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్చారా, దానివల్ల సంస్థకు ఏమైనా మేలు జరిగిందా అని. మన ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి మెట్టు మీదే చతికిలపడుతుంది. హాలు, భోజనం, వక్త ఎలా ఉన్నారో అడిగి ఊరుకుంటుంది. మిగతా మెట్లెక్కడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. చివరి పూట ట్రైనీల పై అధికారిని కూడా అదే గదిలో కూర్చోబెట్టాలి, ఒక్కొక్కరూ ఏం మార్చబోతున్నారో ఆయన ముందు చదవాలి, ఆయన దాని కింద సంతకం పెట్టాలి. ఆరు నెలలు పోయాక ఆ కాగితాలు పట్టుకుని ఎవరైనా ఆఫీసు ఆఫీసుకూ వెళ్లి చూడాలి. ఆ ఖర్చు టీ బిస్కెట్ల బిల్లు దాటదు.